నడిమి వేగం

ఆ ఏడు సముద్రం గట్టిగా గడ్డకట్టింది.
హియుమా దీవి నుంచి అవతలి ఒడ్డుకి
నీళ్ల మీద దారి వేశారు.
ముసలి ఎండెల్ జునిపెర్ కొమ్మలు నరికి
వరసగా గుచ్చుకుంటూ పోయాడు,
దారి ఇక్కడుందని మంచుకే చెబుతున్నట్టు.

నాకప్పుడు నలభై మూడు.
నా కారులో
మూడేళ్లుగా నూట పదో పేజీ దగ్గర ఆగిన నవల,
కాగితప్పొట్లాల్లో రాతిపాచి,
ఒక్కోదాని మీద తేదీ, ఏ బండ మీద దొరికిందో;
దీపస్తంభానికి కాపలా ఉన్న ముత్తాత రాసిన
వాతావరణం చిట్టా, నీళ్ల మరకలతో;
వెనక సీట్లో అకార్డియన్.
దానికి బెల్టు కూడా పెట్టాను.

"రెండు పడవల మీద కాళ్లు పెడితేనే మునుగుతారంటారు,
నువ్వు రేవు రేవంతా తొక్కుతున్నావు విర్వె"
అనేది అమ్మ.
మొదలుపెట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు మా ఇంట.
కుట్టుమిషను కింద ఇప్పటికీ ఉంది
ఒంటి చేతి స్వెటరు.

టాలిన్ నుంచి సంపాదకురాలు రూతా ఉత్తరం, రెండే ముక్కలు:
"అన్నీ బాగున్నాయి. ఏది నీది?"

మంచు అంచున ఎండెల్ కిటికీ తట్టాడు.
బెల్టు తియ్యి, అన్నాడు. దానిక్కూడా.
మునిగితే అదీ ఈదాలి కదా.
నవ్వలేదు. వేళ్లు మడిచి చెప్పాడు:
ఇరవై ఐదు దాటకు. దాటితే నలభై పైన పో.
నడుమ మాత్రం ఉండకు.
బరువుకి విరగదు మంచు.
చక్రాల కింద నీళ్లలో ఓ అల నడుస్తుంటుంది,
నీ నడకా దాని నడకా ఒకటైతే
అది లేస్తుంది.
ముందు బండికి పావు కిలోమీటరు ఎడం ఇవ్వు.
ఆగకు.

సగం దాకా బుద్ధిగానే పోయాను.
తర్వాత నవల గుర్తొచ్చింది, నవల్లోంచి ఓ పాట,
పాటలోంచి ఉత్తరపు గట్టున నారింజరంగు పాచి...
ముల్లు ముప్పై మూడు మీద ఉంది.
అడుగున ఎక్కడో
పెద్ద తీగ తెగినట్టు మోగింది.

పాదం పైకెత్తాను.
ఇరవై. పద్దెనిమిది.
ఆ నత్తనడకలో, ఇంత వయసొచ్చాక, తెలిసింది:
ఎక్కువ మోసినందుకు కాదు నేను పగిలింది.
పొద్దున అరగంట నవల, మధ్యాహ్నం అరగంట రాగం,
దీపాలవేళ భూతద్దం.
దేన్నీ పాకనివ్వలేదు, దేన్నీ పరుగెత్తనివ్వలేదు.
ఇరవై ఏళ్లు ముప్పై మూడు మీదే నడిపాను.

అవతలి ఒడ్డున చేపల షెడ్డు పక్కన కారాపి
చేతుల వణుకు తగ్గేదాకా చిట్టా తిరగేశాను.
చలి ఎంతో, గాలి ఎటో. ఓడలు లేవు. ఓడలు లేవు.
చివరి గడిలో, పైవాళ్లెవరూ చదవని చోట,
ముత్తాత సన్నటి అక్షరాలు:
"రాత్రి మంచు మోగింది. నిన్నటికన్నా అర మెట్టు కింద."
అలా పదకొండు రాత్రులు.
పన్నెండోది: "మోగలేదు. నిద్ర పట్టలేదు."

అకార్డియన్ ఒళ్లోకి తీసుకుని
మంద్రంలో ఆ మోత వెతికాను.
షెడ్డు కుర్రాడు తొంగిచూసి
ఏం పండగ, అన్నాడు.
పండగ కాదు, పని, అన్నాను.
ఆ మాట నా నోట అదే మొదటిసారి.

రూతాకి ఆ సాయంత్రం చెప్పాను:
ముత్తాత, మంచు, ఆ చివరి గడి.
మెల్లగా రాస్తాను.
మిగతావాటిని రావద్దనను,
పావు కిలోమీటరు వెనక రమ్మంటాను.
"మరి ఆ పాచి?" అంది.
పాచి ఎందులో ఇముడుతుందో
నాకు ఈ రోజుకీ తెలియదు.

మార్చిలో దారి మూసేశారు.
కొమ్మలు ఎవరూ పీకరు, మంచు కరిగాక
తలో దిక్కూ తేలిపోతాయి.
ఒకటి మా రేవు మెట్ల దాకా వచ్చింది,
ఇంకా పచ్చగానే ఉంది.
ఎండెల్ దాన్ని దులిపి
చేపలకు పొగబెట్టడానికి పట్టుకుపోయాడు.