ముప్పై రెండు ఫారాలు

ఎచ్చెర్ల సెమినార్ హాల్లో
ప్రమీలారాణి మేడమ్‌కి శాలువా కప్పుతున్నారు.
మనిషి దేన్ని తప్పంటాడు, దేన్ని ఒప్పంటాడు,
ముప్పైయేళ్ళు ఇదే పనట, మైకులో ఎవరో చెబుతున్నారు.
వెనక వరసలో నేను, కూర్మారావుని,
ఆమె ఫారాలు మోసినవాణ్ణి.

పలాస జీడిబట్టీల్లో
చమురుకి వేళ్ళు నల్లబడ్డ ఆడవాళ్ళని అడిగేవాణ్ణి:
దొరికిన పర్సు దాచుకోవడం ఎంత తప్పు?
తప్పే కాదంటే ఒకటి. ఘోరమైతే ఏడు.
లోలాక్షమ్మ పిక్క కొడుతూనే అంది:
"పరుసెవులిది బావూ? మా మేస్త్రీదా, నాలాటిదాందా?
అది సెప్పకుండా నెంబరెలగెయ్యమంతావు?"
ఎస్టీడీ బూత్ నించి ఆ మాట చెప్తే
మీటరు తిరుగుతున్నా మేడమ్ చాలాసేపు నవ్వింది.
తెల్లారేసరికి ప్రశ్న మార్చింది.
ఆ ప్రశ్న తర్వాత ఏవేవో దేశాలు తిరిగిందట.
లోలాక్షమ్మ కాశీబుగ్గ దాటలేదు.

ఆ వానల్లోనే
మా అయ్యకి కిడ్నీలు పోయాయి.
వారానికి రెండుసార్లు పాసింజరులో విశాఖ,
నా ఒళ్ళో అతని తల, అతని చేతిలో వాంతికి సంచి.
ఫారానికి పదిహేను రూపాయలు.
ఆస్పత్రి వరండాలో గోడకి చేరబడి
ముప్పై రెండు ఫారాలు నేనే నింపేశాను.
లేని మనుషులకి పేర్లు పెట్టాను,
వయసులు పెట్టాను,
నీతి పెట్టాను.
అబద్ధమాడటం ఎంత తప్పన్న చోట
అందరిచేతా ఏడే వేయించాను.

ఇవాళ భోజనాల దగ్గర
పనసపొట్టు కూర వడ్డిస్తుండగా చెప్పేశాను.
ఆమె విస్తట్లోంచి తలెత్తలేదు.
"నీ ఏడుకి నడుం మీద గీతుంటుంది కూర్మారావ్.
అవి ఏ లెక్కలోనూ కలపలేదు.
నీ కూలి మాత్రం లెక్కలో రాశాను.
పని జరిగిందని ఢిల్లీకి
సంతకం పెట్టింది నేనే."
తర్వాత ఉప్పు అడిగింది.

మరి దానికి మీరెంత వేసుకున్నారు మేడమ్?
నాలిక చివర దాకా వచ్చింది.
ఈలోపు ఎవరో ఫోటోకి పిలిచారు.
లేస్తూ శాలువా కుర్చీ మీదే మరిచిపోతే
పరిగెత్తుకెళ్ళి ఇచ్చాను.
"ఎవులిది బావూ?" అంది,
అచ్చం లోలాక్షమ్మలాగే. నవ్వలేదు.

సోంపేట బస్సు. బయట వాన.
ఆవిరి పట్టిన అద్దం మీద
వేలితో ఏడు రాశాను.
నరసన్నపేట వచ్చేసింది,
గీత ఇంకా పెట్టలేదు.