పది నిమిషాల ముందు

కడపలో మాజీ సైనికుల పాలీక్లినిక్‌లో
చివరి గది నాది.
ఒకప్పుడు మందుల పెట్టెలు పెట్టే గది,
ఇప్పటికీ గోడలకు స్పిరిట్ వాసన.
రెండు కుర్చీలు. వాకిలి కనపడే కుర్చీ ఎప్పుడూ వాళ్లదే.
ఈ సంగతి ఏ కోర్సులోనూ చెప్పలేదు.
మొదటి వారం ఒక సుబేదారు
నిలబడే మాట్లాడి నిలబడే వెళ్లిపోతే తెలిసింది.
ఫ్యాను రెండో నంబరు దాటనియ్యను,
మూడులో అది హెలికాప్టరు.

హవల్దార్ హుసేన్‌పీరా నెలకు రెండుసార్లు వస్తాడు
ఎర్రగుంట్ల బస్సులో, డ్రైవరు వెనక సీటులో.
కేసు కాగితంలో ఉన్నది: నిద్ర లేదు, ఉలికిపాటు, కోపం.
లేనిది:
పోయిన రంజాన్‌లో సహరీ డప్పు విని
మనవణ్ణి మంచం కిందికి లాక్కొని
తెల్లారేదాకా వాని నోరు మూసి పట్టుకున్నాడు.
వానికి మూడేళ్లు.
"ఇప్పుడు నన్ను చూస్తే జడుసుకుంటాడు మేడమ్.
మంచిదే. దూరంగా ఉంటాడు."

కంటికి కనపడే ఐదు వస్తువులు చెప్పమన్నాను,
మాకు నేర్పిన పద్ధతి అది.
"గడియారం. క్యాలెండరు. మీ గాజు. కిటికీ. ఇంకో కిటికీ."
ఇంకో కిటికీ లేదు కదా పీరా?
"ఉండల్ల మేడమ్."

ఆయన ఇంటి వెనకాల సున్నపురాతి గని.
రోజూ మధ్యాన్నం రెండింటికి పేలుస్తారు.
ముందు సైరన్ వేస్తారు కదా అంటే
నవ్వినాడు, మొదటిసారి.
"సైరనే కదా మేడమ్ అసలుది.
మీకేం తెలుసు, మోత ముందు రాదు.
ముందు నేల వస్తాది, అరికాళ్లలోకి."

నాకు తెలుసు.
మా నాయన అదే గనిలో మందు కూరినాడు ఇరవై రెండేళ్లు.
ఇంట్లో చెంబు కిందపడితే అందరం ఉలిక్కిపడేవాళ్లం,
ఆయన తప్ప.
అమ్మ పెదాలు చూసి తలూపేవాడు,
చీకట్లో అయితే ఊరికే ఊపేవాడు.
ఈ గదిలో నా కత చెప్పకూడదు.
నీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపినాను.

ఒక మంగళవారం సెలవు పెట్టి గనికి పోయినా.
మేస్త్రీ నడిపి ఓబన్న నన్ను పోల్చుకున్నాడు:
"మందు నరసింగప్ప కూతురివి గదూ?"
సైరన్‌కు పది నిమిషాల ముందు ఆయనకొక ఫోన్ చెయ్యన్నా.
"ఏమని చెప్పల్ల?"
ఈ పొద్దు ఎన్ని తూటాలో, అంతే.
"దానికి ఏం మందు రాసిచ్చినట్టు?" అన్నాడు,
అయినా నంబరు రాసుకున్నాడు, అరచేతిలో.

ఆరు వారాలు.
"పీరన్నా, నాలుగు." "పీరన్నా, రెండే."
ఆయన వసారాలో కూర్చొని లెక్కపెడతాడు,
ఆఖరిది పేలినాక టీ అడుగుతాడంట గౌసియాను.

ఏడో వారం ఓబన్న నాకే ఫోన్ చేసినాడు, అరుస్తా.
"మూడని చెప్పినా, రెండే పేలినాయి.
మేం లెక్క తప్పినాం తల్లీ, ఆయన తప్పలేదు.
లుంగీ మీద గుట్ట ఎక్కి వచ్చినాడు,
రాయి ఎత్తను పోయే కూలోళ్లను
ఒక్కొక్కన్ని చొక్కా పట్టి వెనక్కి లాగినాడు.
ఒకన్ని కొట్టినాడు గూడా."
ఐదింటికి మూడోది తీసినారు.

ఆ రాత్రి పీరా నిద్రపోలేదు.
మర్నాడూ పోలేదు.
నా కాగితంలో గళ్లు రెండే: మెరుగు, మెరుగు లేదు.
పెన్ను మూత పెట్టేసినా.

ఈ ఉద్యోగంలో విన్నది ఎవరికీ చెప్పకూడదు.
నేను మా నాయనకు చెప్తాను.
పొయ్యి దగ్గర, వీపు ఆయన వైపు పెట్టి,
నా పెదాలు కనపడకుండా, అంతా చెప్తాను.
డప్పు, మనవడు, లేని కిటికీ, చొక్కా పట్టి లాగిన చెయ్యి.

చెప్పడం అయినాక వెనకనుంచి ఆయన గొంతు,
చెవిటోళ్లకుండే పెద్ద గొంతు:
"అమ్మీ, కుక్కర్ ఎన్ని కూతలు కూసిందే?"

తిరిగి, మొహం చూపించి,
రెండు, అన్నాను.