పది సెంటీమీటర్ల బెరడు

గుర్రంపోడు దాటినంక బత్తాయి తోట,
కంచె పొడుగూత గిరిపుష్పం కొమ్మలు.
మూడు వందల కూలి. పనేందంటే
పేనుబంక లెక్కబెట్టుడు.

నవ్వకుండ్రి.
రబియా మేడం కొమ్మకు రెండు ఎర్ర దారాలు కట్టింది,
నడిమిట్ల పది సెంటీమీటర్ల లేత బెరడు.
"అండాలక్కా, దారాల లోపటివే మన లెక్క,
బయటిదంత లోకం" అన్నది.

భూతద్దం పెడితే
ఆవగింజలకు కాళ్లొచ్చినట్టు నల్లగ, నిగనిగ.
పిల్లలేమో బూడిద పూసుకున్నట్టు.
ముక్కులు బెరడుల దిగేసి
పొద్దుగాల సంది కదల్లేదు ఒక్కటి గూడ.

గట్టిగ పీలుస్తున్నయా అంటే,
"పీల్చే పని ఎక్కువ లేదక్కా, చెట్టు లోపటి ఒత్తిడే పోస్తది.
ఇవి గొట్టం దింపి ఊకుంటయి."
పెన్ను ఆపిన.
మా చెల్కల మూడు బోర్లు,
కడపటిది ఎనిమిది వందల యాభై ఫీట్లు,
తెల్లదుమ్ము లేసి మా మామ మీసాల మీద పడ్డది.
దీనికేమో ఎంట్రుక కన్న సన్న గొట్టం,
గోరు మందం లోతుకే తియ్యటి నీళ్లు.

తాగిందంత దాచుకుంటదా, అదీ లేదు.
కావల్సిన సారం పిసరంత ఉంచుకొని
తీపంత ఎనక నుంచి చుక్క చుక్క ఇడుస్తది.
ఆ చుక్క కోసం చీమలు,
మీసాలతోటి మెల్లగ తట్టి పిండుకుంటయి.
తెల్లారంగ మా పాలకేంద్రం కాడ లైను యాదికొచ్చింది.
ఇక్కడ వెన్నశాతం చూసి గొణిగేటోడు లేడు, అంతే.

మొగోడేడి అని అడిగిన.
ఉండడంట. మన ఎండల దేశంల అక్కరే పడదంట.
తల్లి కడుపుల బిడ్డ,
ఆ బిడ్డ కడుపుల అప్పటికే ఇంకో బిడ్డ.
తండ్రి లేదా భర్త పేరు అనే గడి
నింపకుండనే నడిచే వంశం!
ఇరుకైతే కొన్నిటికి రెక్కలొస్తయంట.
అది నేను చూడలే. చూసిందే రాయమన్నది.

నూట పద్నాలుగు అని రాసి తలెత్తితే
ఒకటి కంటున్నది, పిల్ల ఎనకపాటున జారుతున్నది.
నూట పదిహేను చెయ్యాల్నా?
"పది గంటలకు ఎన్నుంటే అన్నే" అన్నది.
పది ఎప్పుడో దాటింది.

అంతల అక్షింతల పురుగు దారం దాటి లోపటికొచ్చింది.
నారింజ రెక్కలు, నల్ల వంకర గీతలు,
పెండ్లి భోజనానికొచ్చిన నడక.
ఒక్కొక్కటి నములుకుంట పోతుంటే
చీమ ఉరికొచ్చి కాలు కరిచింది.
నేను ఎవరి దిక్కూ కాలె.
కొట్టేసి రాసిన: నూట తొమ్మిది.

ఆఖరుకు, కింది దారం అంచుకు రెండు,
ఉబ్బి, గోధుమ రంగుల, ఎండిన పొట్టు లెక్క.
"వాటి లోపల కందిరీగ పిల్ల పెరుగుతున్నదక్కా,
నలుసంత కందిరీగ."
కాయితం మీద రెండే గళ్లు,
బతికినవి, చచ్చినవి.
దేంట్ల రాయాలె?

మేడం కూడ ఆగింది.
కాయితమంత జిగురు జిగురు.
ఎప్పుడెక్కిందో ఒక చీమ
నా అంకెలను తట్టి తట్టి చూస్తున్నది.