కొత్త గుడ్డకు తాగడం రాదు

పక్కింటి ఖైరున్నిసా ఆపా ముందే చెప్పింది:
"కొత్త గుడ్డకు తాగడం రాదు బేటా,
ఐదుసార్లు ఉతికితేగానీ నేర్చుకోదు."
నేను వినలేదు.
ఆ రాత్రి నా లుంగీ, దుప్పటి, పరుపు
అన్నీ తాగాయి, అదొక్కటి తప్ప.

వారాసిగూడలో నల్లా రోజు విడిచి రోజు,
తెల్లారగట్ల నాలుగింటికి.
బకెట్ల నడుమ గొంతుక్కూర్చుని
ముందు చన్నీళ్లలో జాడిస్తాను,
వేన్నీళ్లు తర్వాత.
సబ్బుపొడి చెంచాడే.
వాసన మందు చుక్క కూడా పొయ్యొద్దట,
గుడ్డ దాహం మర్చిపోతుందట.

నల్లా రాని రోజు బోరు నీళ్లే.
అప్పడంలా బిరుసెక్కిన దాన్ని
రెండు చేతులా నలిపి మెత్తబరుస్తాను,
పగలంతా బస్సు స్టీరింగు తిప్పే చేతులివి.

ఓసారి ఎంత తోమినా మరక కదల్లేదు.
"ఎండకు వదిలెయ్" అంది ఆపా.
మధ్యాహ్నానికి డాబా మీద
పసుపు దానంతటదే వెళ్లిపోయింది.

తొడ దగ్గర రెండు వేళ్లు దూరాలి,
అంతకంటే బిగిస్తే కందిపోతుంది.
నడుం దగ్గర మొన్నటిదాకా రెండో గుండీ,
ఇవాళ మూడోదానికి జరిపాను.
కాసేపు ఆ ఖాళీ గుండీనే చూస్తూ ఉండిపోయాను.

తీగ మీద పదకొండు ఆరుతున్నాయి.
పన్నెండోది తడిసిందని
లోపల్నుంచి సుగుణమ్మ కేక,
మా అమ్మ పేరు, మా అమ్మ గొంతే.