కోన్లు ఎత్తేసే వేళ

జూన్ నెలలో గురువారాలు మాకు పరుగువి.
ఈ వారం కిల్‌మొరీన్, ఐదు మైళ్ళు,
పాల సంఘం వాళ్ళ పందెం.
చర్చి హాల్లో ఆరు యూరోలు కడితే
ఒక అంకె, నాలుగు పిన్నీసులు.
రెండొందల పద్నాలుగు నాది.
పిన్నీసుల్లో ఒకటి ఎప్పుడూ వంకరే.

బడి బస్సు నడుపుతాను నేను.
మలుపు మలుపునా పిల్లల్ని దించి
పొద్దుగూకేసరికి నా కాళ్ళు
ఎవరినో అడిగి తెచ్చుకున్నట్టుంటాయి.
అయినా వస్తాను.
గెలవడానికి కాదు. ఆ సంగతి నాకు తెలుసు, కొలెట్‌కి తెలుసు,
ఆమె చేతిలో గడియారానికి ఇంకా బాగా తెలుసు.
నా పందెమల్లా మలకీతో.

డెబ్బై ఒకటి ఆయనకి.
వెలిసిపోయిన ఆకుపచ్చ బనీను, ఒంటికి రెండింతలు.
ఏడేళ్ళుగా ఆయన ముందు నేను,
నా వెనక ఆయన,
మా ఇద్దరి వెనకా
నారింజ దీపం తిప్పుకుంటూ డిక్లన్ అంబులెన్సు.
మలకీ దగ్గు వినపడినంతసేపూ
నాకు బెంగ లేదు.
ఆఖరిదాన్ని కాను.

ఇవాళ ఆ బనీను లేదు.
రెండో మైలు మలుపులో
మోకాలికి కట్టు, పిక్కల దాకా పసుపు కోటు,
చేతిలో జెండా పట్టుకుని నిలబడ్డాడు.
"భలే ఉన్నావు ఫిడెల్మా!"
ఈ రోడ్ల మీద అందరూ అందరికీ చెప్పే అబద్ధమే.
దాన్నే నమిలి మింగి ఇంకో వంద గజాలు లాగాను.
వెనక్కి చూస్తే
దీపం.
దీపం తప్ప ఎవరూ లేరు.

ముందు సిగ్గేసింది.
నలభై ఎనిమిదేళ్ళదాన్ని
ఒక బండి మొత్తాన్ని నత్తనడకకి దించేశానని.
"నువ్వెళ్ళిపో డిక్లన్" అన్నాను.
అద్దం దించి
"రేడియోలో మ్యాచ్ వస్తోంది, తొందరేం లేదులే" అన్నాడు.

తర్వాత చూడటం మొదలుపెట్టాను.
నేను దాటిన చోటల్లా
దారి మళ్ళీ దారి అవుతోంది.
ఒక్కో కోనూ ఎత్తి ట్రైలర్లో పడేస్తున్నారు.
ఆపి ఉంచిన ట్రాక్టరు గొంతు సవరించుకుంది.
గోడ పక్కన చప్పట్లు కొట్టినావిడ
కుర్చీ మడిచి చంకన పెట్టుకుని
కూర మాడుతోందేమోనని లోపలికి పరిగెత్తింది,
నాకంటే జోరుగా.
గేటు తెరిచారు.
ఇందాక నూట తొమ్మిది మంది తొక్కిన తారు మీద
ఆవులు, ఎవరి గడియారమూ ఎరగనట్టు,
పేడ వేసుకుంటూ అడ్డంగా నడిచాయి.
తెల్లకాలిది ఒకటి మాత్రం ఆగి
నన్ను కిందా మీదా చూసింది.
ఇన్నేళ్ళూ నా వీపు వెనక జరిగేది ఇదా!
ఒక్కసారైనా చెప్పలేదు ముసలాడు.

మూడో మైలు దగ్గర నీళ్ళ బల్ల కూడా సర్దేశారు.
రోనన్, ఆరేళ్ళుంటాయేమో,
ఒక్క కప్పు రెండు చేతులా పట్టుకుని కాపలా.
"కింద పొయ్యకు" అన్నాడు.
పరిగెడుతూ నీళ్ళు మొహాన పోసుకోవడమే తెలిసిన నేను
నిలబడి తాగాను, అడుగు దాకా.
కప్పు వెనక్కి అడిగి తీసుకున్నాడు.

చివరి ఎత్తు. తుంపర.
బ్యానరు ఒక కొస అప్పటికే విప్పేశారు,
ఇద్దరు మగాళ్ళు ఆరేసిన దుప్పటిలా దాన్ని ఎత్తిపట్టారు.
గొడుగు కింద కొలెట్,
బొటనవేలు గడియారం మీద.
యాభై ఎనిమిది నిమిషాల నలభై ఒక్క సెకన్లు.
నూట పది అని రాసి
నా పేరు కింద గీత గీసింది.
ఏ పుస్తకంలోనైనా
నా కింద గీత పడటం ఇదే మొదలు.

హాల్లో టీ. అంచులు ఎండిన హ్యామ్ శాండ్‌విచ్చులు.
పరిగెత్తిన వాళ్ళందరికీ
పాల సంఘం వాళ్ళ చల్లటి పాల సీసా.
నిలబడి నీళ్ళూ తాగాను, పరిగెత్తి పాలూ తాగాను.
ఏది మేలో
ఈ రాత్రికి తేల్చదలచుకోలేదు.

మలకీ కట్టు కాలు జరిపి చోటిచ్చాడు.
టైమెంత అని అడగలేదు.
"తెల్లకాలిది ఆగిందా?" అన్నాడు.
"ఆగింది."
"ఎవరి ఆవో నాకూ తెలీదు" అన్నాడు,
టీలో చెంచా తిప్పుతూ.