ఎలుగుబంటి బిళ్ళ

ఎనిమిది వందల మీటర్లల్ల
ఆఖరి నూటయాభై ఉంటది చూడు,
అక్కడ కాళ్ళు నావి కావు.
పిక్కల్ల ఎవరో మిరప్పొడి దంచుతుంటరు.
కోచ్ సార్ వాచీ దిక్కు చూస్తడు,
నా మొఖం దిక్కు చూడడు.

హనుమకొండ స్టేడియంల పొద్దుగాల ఐదున్నర.
ట్రాక్ మీద మంచు తడి, మూలకు ఊడిన రబ్బరు.
మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు
పాత తలుపు లెక్క కిర్రుమంటది.
మంచుగడ్డల బకెట్ల కాళ్ళు పెట్టి
ఇరవై దాకా లెక్కపెడ్దామనుకుంట.
పదమూడు కాడ్నే ఏడుపొస్తది.

హాస్టల్ల నా పక్క మంచం సుకన్య, జావెలిన్ పిల్ల.
భుజం పట్టేసినప్పుడు ఎవరో తెచ్చిచ్చిన్రట:
చిన్న రేకు డబ్బా, లోపల ఎలుగుబంట్లు,
ఎర్రవి, పచ్చవి, చక్కెర అద్దుకొని
బొజ్జల మీద చేతులు పెట్టుకొని కూసున్నయి.
"సీబీడీ అంటరు. మత్తు గాదు.
నొప్పికి. నిద్రకు. నమిలి మింగుడే."

డబ్బా మీద ఆకు బొమ్మ.
ఆ ఆకు నేనెరుగుదును.
మా తండాల, పత్తి సాళ్ళ నడుమ
నాలుగు మొక్కలు దొరికినయని
మా కాకను జీపెక్కించిన ఆకు.
పదకొండు నెలలు.
అదే ఆకు ఇప్పుడు చక్కెర తొడుక్కొని
నా దిండు కిందికొచ్చింది.

సగం కొరికిన.
ముందుగాల నిమ్మకాయ, ఎనకనుంచి గడ్డి చేదు.
నిజం చెప్తున్న, ఆ రాత్రి పండుకున్న.
మందు పనో, నమ్మకం పనో నాకు తెల్వదు.
మోకాలు ఉన్నది, గానీ నన్ను పిలువలే.

తెల్లారి కోచ్ సార్ డబ్బాను ఎండకు పట్టి చూసిండు,
కిరాయికొచ్చినోని ఆధార్ కార్డు చూసినట్టు.
"సీబీడీకి అడ్డు లేదు బిడ్డా.
దాని తోబుట్టువుకే ఉన్నది.
గింజంత అది ఇండ్ల కలిసిందనుకో,
చిన్న సీసాల నువ్వు పోసిచ్చేది
నీ నాలుగేండ్ల పరుగంత బయటపెడ్తది.
మీద రాసినోడు రాసిండు,
లోపల కలిపినోడు ఏం కలిపిండో ఎవడు చూసిండు?"

మీట్‌కు పంతొమ్మిది రోజులు.
డబ్బా ఇంటికి తీస్కపోయి బియ్యం డ్రమ్ముల దాచిన.
పారెయ్యాలె.
పారెయ్యలే.

అమ్మ ఏనుమాముల మార్కెట్ల మిర్చి తొడిమెలు తీస్తది,
కిలోకింతని.
మార్కెట్ ఎనకనే మా కిరాయి అర్ర.
రాత్రయితే చేతులు మండుతయి.
మజ్జిగల ముంచుతది, కొబ్బరినూనె రాస్తది,
ఆఖరికి సిమెంటు గచ్చుకు అరచేతులు ఆనిచ్చి
బోర్లా పండుకుంటది,
భూమికి ఏదో ఒప్పజెప్తున్నట్టు.

ఆదివారం పోయి చూస్తే డబ్బాల రెండు తక్కువున్నయి.
"చాక్లెట్లు బియ్యంల దాస్తరానే?" అన్నది.
"అంజమ్మకొకటిచ్చిన, చేదని ఉమ్మేసింది.
నేను తిన్న.
బస్తాల మీద జరసేపు ఒరిగితే
మార్కెట్ మూసినంక వాచ్‌మన్ లేపిండు."
"మరి చేతులు?"
"మంట యాడికి పోతది. ఉన్నది.
గానీ పక్కింట్ల కొట్లాట లెక్క వినవడ్డది."

నాకు నవ్వొచ్చింది. ఎనకనే భయమైంది.
బొమ్మ చూపెట్టి చెప్పిన,
కాకను తీస్కపోయిన ఆకే ఇది అని.
అమ్మ చాలాసేపు మూత తిప్పుకుంట కూసున్నది.
"గింతదానికి పదకొండు నెలలా."
తర్వాత, నాకు వినవడొద్దన్నట్టు,
"ఎంత పడ్తది, ఒక్కోటి?"

చెప్పిన.
వేళ్ళ మీద కిలోలు లెక్కేసింది.
రెండు చేతులూ అయిపోయి
మళ్ళ మొదటి వేలు కాడికొచ్చి ఆగింది.
లేచి పొయ్యి దిక్కు పోయింది.

ఐదున్నర.
ఆఖరి నూటయాభై.
దంచుతున్నరు పిక్కల్ల.
ఆ రోకలి పట్టిన చేతులు ఎవరివో
ఈసారి తెలిసింది.
సార్ ఏదో టైమ్ చెప్పిండు, నేను సరిగ్గ వినలే.
మంచు బకెట్ల ఇయ్యాల
పదిహేడు దాకా పోయిన.