షెడ్యూల్-ఏల లేని వరుస

ప్రకాశం బజార్ల నెట్ సెంటర్ పిల్లగాడు
ఇరవై ఆరు కాయితాలు ప్రింటు తీసి
ఏడి ఏడిగ చేతిల పెట్టిండు.
"శుక్రవారం ఐదింటికి బంద్ అన్నా."

ఎర్రగుంటపల్లి, ఫ్లోరైడ్ నీళ్ల శుద్ధి కేంద్రం, మరమ్మతులు.
అంచనా పదకొండు లక్షల నలభై వేలు.
ఈఎండీ పదిహేడు వేల నూరు.
చాయ్ చల్లారేదాక ఆ అంకె మీదనే ఉన్న.
పోయిన పని బిల్లు ఇంక రాలే,
రెండు వానకాలాలు దాటినయ్.
ట్రెజరీ టోకెన్ నంబరు
బిడ్డ పుట్టిన తారీఖు లెక్క నోటికొచ్చింది.

మనోళ్లు ఇరవై నాలుగు శాతం లెస్సుకు కొడ్తరు.
కొట్టి, రెండు కోట్ల రంగును ఒక కోటు చేసి
అది గూడ తొవ్వ దిక్కు గోడకే ఏస్తరు.
నేను ఏయలేదా? ఏసిన.
దేవరకొండ అవుతల ఒక ట్యాంకు
ఇప్పటికీ ఒక్క దిక్కే తెల్లగుంటది.

సైటు సూడకుంట రేటు ఎయ్యొద్దంటుండె జాని మేస్త్రి.
బండేసుకొని పోయిన.
తాళంచెవి బుచ్చమ్మ కొంగుకుంది.
పదకొండేండ్ల సంది ఆమెనే ఆపరేటర్,
నెలకు నాలుగు వేలు, ఆర్నెల్లకోసారి.
మెడ తిరగదు ఆమెకు.
నన్ను సూడనీకె
మనిషి మనిషే తిరిగింది, తలుపు లెక్క.

లోపట డోసింగ్ పంపు కాలి నల్లగయ్యింది.
మూడు వాల్వుల్ల రెండు జామ్.
గేజి అద్దం ఎనక బల్లి గుడ్లు.
పెద్ద డ్రమ్ము మూత ఇప్పిన.
గలగల జారాల్సిన అల్యూమినా గింజలు
ఒక్కటే బండ అయినయ్.
గునపం పెడ్తె ఠంగుమన్నది.

రిజిస్టరు తెరిసిన.
ఫ్లోరైడ్, ఒకటి పాయింట్ సున్న.
ఒకటి పాయింట్ సున్న.
కరెంటు లేని నాడు గూడ అదే పెన్ను, అదే సున్న.
"పంపు ఆషాఢంల కాలింది సారూ,
అంకె కాలలే గద" అన్నది బుచ్చమ్మ.
నవ్విందో లేదో.
గోడ దిక్కు నిలబడ్డది, మొఖం కనపడలే.

గడప మీద కూసోని షెడ్యూల్ మల్ల సదివిన.
వాల్వులున్నయ్, టైల్స్ ఉన్నయ్,
తొమ్మిదో వరుసల రంగు, లోపట బయట,
అన్నిట్లకు పెద్ద పైసలు దానికే.
పేరు బోర్డుంది, స్టీలుది.
అల్యూమినా లేదు.
ఏలు పెట్టుకుంట కొసదాక ఎతికిన, లేదు.
బియ్యం లేని ఇంటికొచ్చి
గిన్నెలకు కళాయి పెడ్తమన్నట్టుంది.

ఏఈకి ఫోన్ చేసిన.
"అంచనా పైకెల్లి వచ్చింది రాజలింగం,
నువ్వు రేటు చెప్పు, సాలు."

ఎండ. బుచ్చమ్మ చెంబు తెచ్చింది.
బండి డిక్కిల నా ఇరవై రూపాయల సీసా ఉంది.
చెంబు చేతిల ఉంది.
తాగిన.
నాలికెకు ఏం తెల్వలే.
తెల్వకపోవుడే దాని పని.

రాత్రి క్యాలెండర్ ఎనక లెక్క రాసిన.
నాలుగు వందల కిలోలు, కిలో నూట నలభై,
ఆటో కిరాయి, పాతది పలగ్గొట్టే కూలి,
అరవై రెండు వేలు.
ఐదు శాతం ఎక్సెస్ దాటితే కాయితమే ముట్టరు.
ఐదంటే యాభై ఏడు.
ఇంకో ఐదు వేలు తక్కువ పడ్తది.
పని వస్తే గద, తక్కువ పడేది.

శుక్రవారం నాలుగు నలభై.
తెర మీద చక్రం తిరుగుతనే ఉంది.
"లెస్సా ఎక్సెస్సా అన్నా?"
"ఎక్సెస్. ఐదు."
పిల్లగాడు మౌస్ ఇడిసి నా దిక్కు సూసిండు.
"రాదు గదనే."
"ఎరికే. కింద రిమార్క్స్ అని డబ్బా ఉంది సూడు, దాంట్ల కొట్టు:
నీళ్లు శుద్ధి చేసే మందు ఏ వరుసల ఉన్నది?"

కొట్టిండు.
శుద్ధి అన్నకాడ ఒత్తు పడలే.
దిద్దుదామంటె
నాలుగు యాభై ఎనిమిది.